మేనత్త నూనె, వంద ఎం.ఎల్.

ప్రసన్న ఇంట్లో ఉన్న పూసుకునేవీ రుద్దుకునేవీ అన్నీ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. టూత్‌పేస్టు, మొహానికి రాసుకునే క్రీము, భర్త మహిపాల్ గడ్డం గీసుకునే నురగ డబ్బా, మోకాళ్ల మలాం, కాటుక, కొబ్బరినూనె. వాటి పక్కన దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న జిప్పు కవరు నోరు తెరుచుకుని ఉంది. లోపల ఏముందో బయటికి కనబడే రకం. రేపు మధ్యాహ్నం విమానం. యాభై ఏళ్లు నిండిన ఆమెకు అదే మొదటిది. పొద్దున్నుంచి పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయినా ఆమెకు కోపం రాలేదు. ఎల్బీనగర్‌లోని ఆ ఇంట్లో అంతకన్నా వింత ఇటీవల జరగలేదు.

“గీ కొబ్బరినూనె లిక్విడ్ ఎట్లయితది?” మహిపాల్ సీసాను తలకిందులు చేసి చూపించాడు. చలికి గడ్డకట్టిన నూనె చుక్కైనా కదల్లేదు. “రాయి లెక్కున్నది. రాయిని ఆపుతరా ఎవరన్న?”

“కార్ల కూసున్నంక ఎండకు కరగదా? ఆడికి వోయేవరకు నీళ్లయితది. పొద్దున రాయి ఉండె సార్ అని చెప్పుండ్రి, వింటరు.”

“మరి నా నురగ డబ్బా?”

“అది పిచికారి కొట్టేది. సైజు చూసిండ్రా, బోరింగు పంపు లెక్కున్నది. ఈడనే ఉంటది.”

“గడ్డంతోని వోతే సన్యాసి వచ్చిండనుకుంటరు పెండ్లికి.”

“అనుకోనియ్యిండ్రి. సన్యాసికి పక్కన పెండ్లామెందుకని నన్ను అడగకుంటే చాలు.”

నియమాలన్నీ ఆమెకు ఫోన్లో చెప్పింది మేనకోడలు మౌనిక. ప్రసన్న తమ్ముడు జగన్ కూతురు. పెళ్లి ఆ పిల్లదే. “అత్తా, గిది యాది పెట్టుకో. ఒలికేది, పూసేది, పిచికారి కొట్టేది. గవి చేతి సంచిల పెట్టుకుంటే ఏ ఒక్కటి వంద ఎంఎల్ దాటొద్దు. అన్ని కలిసి ఒక్క కవర్ల పట్టాలె. అంతే, ఇంకేం లేదు” అంది. ప్రసన్న ఆ మాటల్ని మంత్రంలా పట్టుకుంది. బీయస్సీ చదువుకున్న మనిషి, నియమం ఒకటి చేతికిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంట్లో వస్తువులన్నిటికీ అంటగట్టి చూసి గాని నిద్రపోదు. కాటుక పూసేదే. మలాం పూసేదే. కుంకుమ పొడి కాబట్టి దానికి భయం లేదు, తిలకం సీసాకు ఉంది. పేస్టు ఒలకదు కాని పిండితే వస్తుంది, కాబట్టి పూసేదానికిందే లెక్క.

షాంపూ విషయంలో మాత్రం విమానాల వాళ్ల మీద తానే గెలిచినట్టనిపించింది. మూల మీది కిరాణా కొట్లో గుమ్మానికి వేలాడే ప్యాకెట్ల దండలోంచి ఒక వరుస తెంపుకొచ్చింది. ప్రపంచమంతా పెద్ద సీసాల్లోంచి చిన్న సీసాల్లోకి పోసుకుంటూ తిప్పలు పడుతుంటే, మన కిరాణా కొట్లు ఎప్పుడో విమానానికి తయారై కూర్చున్నాయి.

ఇంతవరకు ఆమె దగ్గరగా చూసిన విమానాలు నాదర్‌గుల్‌వే. అక్కడ పిల్లలు విమానం నడపడం నేర్చుకుంటుంటే, అవి తూనీగల్లా లేచి దిగుతుంటాయి. పెద్దవి చూడాలంటే మేడ మీద బట్టలు ఆరేస్తూ తల ఎత్తాలి. అట్లాంటి దాంట్లో కూర్చుని ఇప్పుడు ఆమె సముద్రం దాటి ఫుకెట్ దీవికి పోబోతోంది.

ఫుకెట్‌లో పెళ్లి పెట్టుకోవాలన్నది మగపెళ్లివారి ముచ్చట. ఏర్పాట్లన్నీ వాళ్లు మాట్లాడుకున్న ఈవెంట్ సంస్థవే. పందిరి, పూలు, పీటలు, పసుపు దంచే రోలు, ఆ రోలుకు కట్టే కంకణం కూడా వాళ్లే తెస్తారట. పిలుపుకు వచ్చిన రోజు తమ్ముడి భార్య అమల ఇబ్బంది పడుతూనే చెప్పింది. అమలది తెనాలి వైపు. పెళ్లయి ఇన్నేళ్లయినా మాట అట్లాగే ఉంది.

“మీరేమీ శ్రమ పడొద్దు వదినా. అన్నీ వాళ్లే చూసుకుంటారు. మీరు హాయిగా వచ్చి కూర్చోండి చాలు.”

హాయిగా కూర్చోవడమన్న మాట ప్రసన్నకు ఎక్కడో గుచ్చుకుంది. పెళ్లికూతురికి ఒక్కగానొక్క మేనత్త తాను.

“మరి నూనె?” అని అడిగింది.

“ఏం నూనె వదినా?”

“మా ఇండ్లల్ల నలుగు పెట్టకముందు పిల్ల మాడుకు మేనత్త నూనె పెడతది అమలా. మేనత్త ఇంట్ల కాచిన నూనెనే పెట్టాలె. బయట కొన్నది నడవది. నా పెండ్లికి మా మేనత్త చౌటుప్పల్ కాడి ఊర్లకెల్లి బస్సుల ఒళ్లె పెట్టుకోని తెచ్చింది.”

అమల అక్కడికక్కడే ఈవెంట్ వాళ్లకు ఫోన్ చేసి, నలుగుకు ముందు మేనత్త చేత నూనె పెట్టించడం ఒకటి చేర్చండి అని చెప్పింది. అట్లా ఆ పెళ్లంతటిలో ప్రసన్న చేతికంటూ ఒక పని మిగిలింది. ఆ నూనె ఒక్కటీ పిల్ల మాడుకు చేరాలి. చేరకపోతే తాను కూడా, పూలదండలు చూసి వచ్చే నలుగురిలో ఒకతె.

నూనె అత్తగారు కౌసల్యమ్మ కాచింది. మీర్‌పేట్ గానుగ దగ్గర కళ్ల ముందు ఆడించి తెచ్చిన నువ్వుల నూనెలో పసుపుకొమ్ము, మెంతులు, కచ్చూరాలు, వట్టివేళ్లు వేసి సన్నని సెగ మీద పెట్టింది. కిందింటి వాళ్లు పైకి వచ్చి ఏం వండుతున్నారని అడిగిపోయారు.

చిక్కంతా సీసా దగ్గర వచ్చింది. జిప్పు కవరుతో పాటు ప్రసన్న చిన్న ప్లాస్టిక్ సీసాలు కూడా తెచ్చింది. వంద ఎం.ఎల్.వి, అందుకే చేసినవి.

“పలాస్టిక్కులనా?” కౌసల్యమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుంది. “పెండ్లి నూనె పలాస్టిక్కుల పోసుకపోతవా పిల్లా? తల తిరిగిపోయిందా?”

“అయితే గీ టానిక్ సీసా కడిగి పోస్త. గాజుదే. సరిగ్గ వంద పడుతది.”

“దగ్గు మందు సీసా. బాగున్నది. దవాఖానకు పోతున్నవా, పెండ్లికి పోతున్నవా?”

మళ్లీ మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ పోయింది ప్రసన్న. స్టేషన్ కింద స్టీలు సామాన్లు, గాజు సామాన్లు అమ్మే సందుల్లో నాలుగు కొట్లు తిరిగింది. కొత్తది కావాలి, గాజుది కావాలి, మూత తిప్పి బిగించేది కావాలి, చూడగానే శుభానికి తగినట్టుండాలి. చివరికి దొరికింది. పలకలు పలకలుగా చెక్కిన సీసా, వెలుగుకు పెడితే గోడ మీద రంగులు పడతాయి. అందులో రెండు వందల ఎం.ఎల్. పడుతుందని కొట్టతను చెప్పాడు. ప్రసన్న నవ్వుకుంది. పట్టేది ఎంతైతేనేం, తాను పోసేది కదా లెక్క.

ఇంటికొచ్చి టానిక్ మూతతో కొలిచి కొలిచి వంద పోసింది. ఒక్క చుక్క ఎక్కువ లేదు. నూనె ఎంత వరకు వచ్చిందో సరిగ్గా అక్కడ సీసా చుట్టూ పసుపుదారం కట్టింది, అడిగిన వాళ్లకు వేలు పెట్టి చూపించవచ్చని.

కౌసల్యమ్మకు అదీ నచ్చలేదు. “సగం సీసా పట్టుకపోతరా శుభానికి? వెలితి కాదా?”

“నిండుగ పోస్తే పైకి వోయినంక పొంగుతదట అత్తమ్మా. విమానంల గాలి వేరే ఉంటదట. ఖాళీ ఉంచాలె.”

అది నిజమే. మౌనికే చెప్పింది. కౌసల్యమ్మ సీసా అందుకుని మూత తానే తిప్పి బిగించింది.

“పెద్ద పెట్టెల పెట్టరాదు, గీ లొల్లేంది?” అన్నాడు మహిపాల్.

“పట్టుచీరల నడుమ నూనెనా? ఆ పెట్టెలను ఎట్ల విసిరేస్తరో వీడియోల చూసిన నేను. మా మేనత్త ఒళ్లె పెట్టుకోని తెచ్చింది. నా ఒళ్లెనే వస్తది.”

మర్నాడు బాలాపూర్ దాటి కారు శంషాబాద్ వైపు పరుగెత్తుతుంటే ప్రసన్న జిప్పు కవరును చీర కుచ్చిళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. కొబ్బరినూనె వద్దన్నందుకు కాస్త జాలేసి, దిగడానికి వచ్చే విమానాలను కారు అద్దంలోంచి మహిపాల్‌కు చూపిస్తూ పోయింది. అవి తల మీంచే దిగుతున్నాయి, చక్రాలు కూడా కనబడుతున్నాయి.

విమానాశ్రయంలో జగన్, అమల, మౌనిక అప్పటికే వచ్చి ఉన్నారు. మౌనిక జుట్టు చూసి ప్రసన్న ఆగిపోయింది. మామూలుగా కొండముచ్చు తోకలా ఎగిరే ఉంగరాల జుట్టు ఇప్పుడు నల్లటి పట్టుగుడ్డలా వీపు మీద జారుతోంది.

“నిన్న కొత్తపేట పార్లర్ల మధ్యాహ్నమంత కూసోబెట్టిండ్రు అత్తా,” అంది మౌనిక. “ఫుకెట్ హోటల్ గుమ్మం కాడనే ఫొటోలు తీస్తరట. రాత్రి తల కదపకుంట పండిన, హెల్మెట్ పెట్టుకున్నట్టు.”

పెట్టెలు బెల్టు మీద లోపలికి వెళ్లిపోయాయి. పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. కొత్త పుస్తకంలో ఆ మొదటి ముద్రను ప్రసన్న రెండుసార్లు తెరిచి చూసుకుంది. తర్వాత తనిఖీ వరుస. ట్రేలు, బెల్టు, దాని పక్కన మనుషులు నడిచి పోవలసిన చట్రం. గోడ లేకుండా దర్వాజ ఒక్కటే నిలబెట్టినట్టుంది. ప్రసన్న ఎవరూ అడగకముందే జిప్పు కవరు తీసి ట్రేలో అందరికీ కనబడేట్టు పెట్టింది. బాగా చదువుకుని పరీక్షకు వచ్చిన పిల్లలా ఉంది ఆమె మొహం.

ట్రేల దగ్గరున్న ఖాకీ డ్రెస్సు ఆమె కవరు ఎత్తి చూసింది. షాంపూ ప్యాకెట్లను దాటింది, కాటుకను దాటింది, సీసా దగ్గర ఆగింది.

“యే నహీ జాయేగా.”

ఇది పోదన్న ఆ మాట ప్రసన్నకు వెంటనే బుర్రకెక్కలేదు. హైదరాబాదులో పుట్టి పెరిగిన హిందీలో జవాబు చెప్పింది. “సౌ ఎంఎల్‌చ్ హై మేడం. నాప్‌కే డాలే. ధాగా దేఖో.” కొలిచి పోశాను, దారం చూడమని.

ఆ అమ్మాయి దారం చూసింది. నవ్వు ఆపుకుంటున్నట్టే ఉంది గాని మాట మారలేదు. సీసా అడుగున గాజులో అచ్చుపోసిన అంకెను గోటితో చూపించింది. 200. తేల్ నహీ, బోతల్ దేఖ్‌తే హై, అంది. నూనె ఎంతున్నదన్నది వాళ్లు చూడరు. సీసా ఎంత పడుతుందన్నదే చూస్తారు.

వంద దాటొద్దన్నది నూనెను గురించి కాదు. సీసాను గురించి. ప్రసన్న ఆ అంకె వైపు చూస్తూ నిలబడింది. దారం కట్టిన తన తెలివి మీద తనకే సిగ్గేసింది. టానిక్ సీసా అయితే పోయేది. ప్లాస్టిక్ సీసా అయితే పోయేది. బెల్టు పక్కన పెద్ద తొట్టి ఉంది. అందులో నీళ్ల సీసాలు, ఎవరిదో సెంటు, ఎవరిదో మామిడికాయ పచ్చడి జాడీ. పెళ్లి నూనె అందులోకి పోవాలి.

“అక్కా, పోనియ్యి,” అన్నాడు జగన్ మెల్లగా.

“ఏం పోనియ్యాలెరా?”

అమల ముందుకొచ్చింది. “అక్కడ నూనె దొరుకుతుంది వదినా. వాళ్లే తెప్పిస్తారు. మీ చేత్తోనే పెడుదురుగాని.”

మంచి మాటే. అమల మంచి మనసుతోనే అంది. కాని ఆ కొన్న నూనె తన చేతిలో పోస్తే, అది మేనత్త నూనె ఎట్లా అవుతుంది? ప్రసన్న ఆ చట్రం వైపు చూసింది. వరుసలోంచి ఒక్కొక్కరే దాన్ని దాటి పోతున్నారు. ఒకావిడ తలంటుకున్న తడిజుట్టుతోనే వచ్చింది, నీళ్లు ఇంకా జాకెట్టు మీదకి కారుతున్నాయి. ఒలికేదే అది. ఎవరూ ఆపలేదు.

ప్రసన్న సీసా రెండు చేతులా పట్టుకుని ఖాకీ డ్రెస్సు ఆమె దగ్గరికి ఒక అడుగు వేసింది. హిందీలోనే అడిగింది. “సీసాలో ఉంటే పోదు. తలకు పెట్టుకుని పోతే?”

“క్యా?”

“తలకు. పెళ్లికూతురు ఈ పిల్ల. నూనె దీని తల మీద ఉంటే మీరు ఆపుతారా?”

ఆ అమ్మాయి మౌనికను చూసింది, సీసాను చూసింది, ఈసారి నవ్వు ఆపుకోలేదు. తల మీదున్నదానికి రూలేమీ లేదంది. గోడ పక్కన కుర్చీలు చూపించి, వరుసకు అడ్డం రాకుండా అక్కడ కానిమ్మంది.

“వదినా, ఇప్పుడా?” అమల గొంతు తగ్గించింది. “జుట్టు సెట్ చేయించాం కదా. దిగగానే ఫొటోలు. నూనె పెడితే ఇక అది నిలబడదు. రేపు పొద్దున కదా మనం అనుకున్నది.”

“నలుగుకు ముందు పెట్టాలె అన్నరు అమలా. ఎన్ని గంటలు ముందు అని ఎవరు చెప్పలె. నా తలకు మా మేనత్త మా ఇంటి దర్వాజ కాడ పెట్టింది, నేను గడప దాటకముందు.” ప్రసన్న చట్రం వైపు చెయ్యి చూపింది. “గిది గూడ దర్వాజనే. ఇది దాటితే ఇగ మనిల్లు లేదు.”

అమల కూతురి వైపు తిరిగింది. జుట్టు ఆ పిల్లది. ప్రసన్నకు ఆ క్షణమే కష్టంగా గడిచింది. కాదంటే ఆమె బలవంతపెట్టదు. ఎవరికీ వినబడకుండా సీసా తొట్టిలో పెట్టి వస్తుంది. కొత్తపేటలో అంతసేపు కూర్చున్న పిల్ల, హోటల్ గుమ్మంలో కెమెరా ముందు నూనె కారుతూ ఎందుకు దిగుతుంది?

మౌనిక భుజం మీది సంచి తీసి తండ్రికిచ్చింది. గోడ పక్కన కుర్చీలో కూర్చుని, నెత్తి మీద చేతులు పెట్టి జుట్టును పాపిడి వరకు విడదీసింది.

“పెట్టత్తా. చల్లగున్నదేమో చూసి పెట్టు, జలుబు చేస్తది.”

ప్రసన్న మూత తిప్పింది. అరచేతిలోకి ఒంపుకుని రెండు చేతులా రుద్ది వెచ్చజేసింది. కచ్చూరాల వాసన ఆ చల్లగాలిలోకి ఒక్కసారి లేచింది. వరుసలో నిలబడ్డ వాళ్లు తలలు తిప్పారు. మాడు మీద మూడుసార్లు పెట్టి, మూడుసార్లూ తట్టింది. తర్వాత నుదుటి నుంచి వెనక్కి, చెవుల మీంచి మెడ దాకా తీసింది. పట్టుగుడ్డలాంటి జుట్టు ఆమె వేళ్ల కింద బరువెక్కి, మెల్లగా మళ్లీ ఉంగరాలు తిరగసాగింది.

“సల్లగుండు బిడ్డా. మీ ఇల్లు సల్లగుండాలె.”

అంతకుమించి చెప్పవలసిన మాటలు ఉన్నాయి. ఆమె మేనత్త చెప్పినవే. ఒక్కటీ గుర్తు రాలేదు.

వరుసలోంచి పెద్దావిడ ఒకామె, చేతికర్ర పట్టుకుని, తన వాళ్లు పిలుస్తున్నా వినకుండా ఇటు వచ్చింది. “పెండ్లిపిల్లనా? నువ్వు మేనత్తవా?” అని అడిగి, ప్రసన్న తల ఊపగానే వంగి మౌనిక తల మీద చెయ్యి పెట్టింది. “అక్షింతలు నా పెట్టెల ఉన్నయి గాని పెట్టె బెల్టు మీద లోపటికి పోయె. ఉట్టి చెయ్యే అనుకో తల్లీ” అని చెప్పి, ఎట్లా వచ్చిందో అట్లాగే కర్ర టకటకలాడిస్తూ వెళ్లి వరుసలో నిలబడింది.

సీసాలో ఇంకా సగం పైన మిగిలి ఉంది. ప్రసన్న దాన్ని చూస్తుండగానే అమల వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. జడ ముందుకు వేసుకుని తల వంచింది.

“నీకా?”

“పెట్టండి వదినా. ఇన్నేళ్లొచ్చాయి, నాకెప్పుడూ పెట్టలేదు మీరు.”

అమల మాడుకూ పెట్టింది. తర్వాత తన తలకు. మహిపాల్ దగ్గరికొచ్చి తన బట్టతల వంచాడు. “గీడ జాగ బాగున్నది, ఎంతన్న పడుతది” అన్నాడు. ఆఖరి చుక్క అక్కడే పడింది. జగన్ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంటూ, వాసన ఘాటుగా ఉందని చెప్పాడు.

ఖాకీ డ్రెస్సు ఆమె ఖాళీ సీసాను వెలుగుకు ఎత్తి చూసి ట్రేలో పెట్టేసింది. మౌనిక చట్రం దాటింది. అవతల ఇంకో అమ్మాయి ఆమె చుట్టూ యంత్రం తిప్పుతూ, తల దగ్గరికి రాగానే ఆగి, గాలి పీల్చి, ఇదేం నూనె అని హిందీలో అడిగింది. మౌనిక మెరుస్తున్న మొహంతో వెనక్కి తిరిగి, “మా అత్త చేసింది” అని చూపించింది. ఆ మాట వింటూనే ప్రసన్న దర్వాజ దాటింది. ఏదీ మోగలేదు.

గేటు దగ్గర పెద్ద అద్దం అవతలే విమానం నిలబడి ఉంది. మేడ మీంచి చూసినప్పుడు జానెడు కూడా ఉండేది కాదు. ఇప్పుడు దాని ముక్కు ఒక్కటే వాళ్ల ఇంటి వంటగదంత ఉంది. ప్రసన్న అద్దానికి దగ్గరగా నిలబడింది. చెయ్యి ఆనించబోయి, జిడ్డు అంటుతుందని వెనక్కి తీసుకుంది.

వెనక అమల ఫోన్ మోగింది. ఫుకెట్ నుంచి ఈవెంట్ సంస్థ అమ్మాయి. ఫోన్లోంచి ఆమె గొంతు గలగలా బయటికే వినబడుతోంది. రేపు పొద్దున ఏ వరుసలో ఏది జరగాలో చెబుతోంది. నూనె బ్రాండు ఏది కావాలని అడుగుతోంది. ఆడపడుచు వైపు ఒకసారి చూసి అమల నెమ్మదిగా చెప్పింది.

“నూనె అక్కర్లేదండీ. అది అయిపోయింది. మా అమ్మాయికి మేనత్త పెట్టేసింది.” అవతల ఏదో ప్రశ్న. “ఫొటోలా? తీయండి. జుట్టు అట్లాగే ఉంటుంది. నూనెతోనే తీయండి.”

ప్రసన్న ఇటు తిరగలేదు. అరచేతులు రెండూ దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకుంది. విమానం ఎక్కే వాళ్లను పిలుస్తున్నారు. మౌనిక పరుగెత్తుకొచ్చి ఆ జిడ్డు చేతుల్లో ఒకదాన్ని పట్టుకుంది.

“దా అత్తా. కిటికీ సీటు నీకే.”